మరకలత్తయ్య తుడిచేసిన మంట

ఇన్సూరెన్సు కంపెనీ తరఫున నష్టం చూడటానికి వచ్చిన సర్వేయరుగారు మా ఎదురింటి గుమ్మంలో కుడికాలు పెట్టి, "నమస్కారమమ్మా" అని, కూర్చున్నారు. కుర్చీ ఆయనకి ఇంకా చాలా దూరంలో ఉంది. చేతిలోని ఫైలు గచ్చు మీద జారుకుంటూ వెళ్లి వంటింటి గడప దగ్గర ఆగింది. తనిఖీ ఆయనకన్నా ముందు అదే మొదలుపెట్టినట్టయింది. ఆ గచ్చు అప్పుడే మైనం పెట్టి రుద్దింది మరి. అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చు.

"అయ్యో బాబూ, దెబ్బ తగిలిందా?" అంటూ ఇంటావిడ పరుగెత్తుకొచ్చింది. ఆయన లేదనేలోగానే ఆవిడ చూపు దెబ్బని వదిలేసి ఆయన ప్యాంటు వెనక్కి పోయింది. "మైనం మరక బాబూ. ఆరిందంటే ఇక వదలదు. విప్పి ఇవ్వండి, చిటికెలో తీసేస్తాను. అంతవరకూ మావారి పైజమా వేసుకుందురుగాని."

సర్వేయరుగారు ఫైలు తీసుకుని వెనక అడ్డం పెట్టుకుని, పర్వాలేదమ్మా, పర్వాలేదన్నారు. ఆ ఇంట్లో ఉన్నంతసేపూ గోడకి వీపు ఆనించే తిరిగారు.

ఆవిణ్ని వీధి మొత్తం మరకలత్తయ్య అంటుంది. ఊళ్లోని పెద్ద హోటల్లో గదులు శుభ్రం చేసే పనిలో చేరి, ఆ పనివాళ్లందరికీ పెద్దదై, అక్కడే రిటైరైంది. ఆ పనికి ఒక్కటే సూత్రం. వచ్చినవాడికి తనకన్నా ముందు ఈ గదిలో మనిషన్నవాడు ఉన్నట్టు తెలియకూడదు. దిండు మీద గుంట ఉండకూడదు, అద్దం మీద వేలిముద్ర ఉండకూడదు, సబ్బు మీద వెంట్రుక ఉండకూడదు. ఒకసారి ఒక గదిలో పెద్దాయనెవరో గుండె ఆగి పోయారు. పడుతూ తల బల్లకి కొట్టుకున్నారు. శవాన్ని తీసుకెళ్లిన సాయంత్రమే ఆ గదిలో కొత్త దంపతులు దిగారు. పొద్దున్నే వెళ్తూ, "గది భలే కొత్తగా ఉందండీ" అని మెచ్చుకుని మరీ వెళ్లారట. ఆ మాట చెప్పేటప్పుడు అత్తయ్య ముఖంలో గర్వమూ ఉండేది, ఇంకోటేదో కూడా ఉండేది. "నెత్తురికి చన్నీళ్లేనమ్మా. వేణ్ణీళ్లు పోశారో, నాటుకుపోతుంది" అని మాత్రం అనేది.

రిటైరయ్యాక వీధిలో బట్టల మరకలన్నీ ఆవిడ గుమ్మానికే వచ్చేవి. సిరా, గ్రీజు, పసరు, ఏదైనా సరే. పైవీధి హెడ్‌మాస్టరుగారు ఒక తెల్లచొక్కాని పేపర్లో చుట్టి, పేపర్ని సంచిలో పెట్టి, సంచిని చంకలో దాచుకుని తెచ్చారు. కాలరు పక్కన ఎర్రగా ఉంది. ఆయన గొంతు సవరించుకుని, అది ఎలా అయిందంటే, అని మొదలుపెట్టబోయారు. "ఎక్కడిదని నేనడగను మాస్టారూ, దేనిదో చెప్పండి చాలు" అంది అత్తయ్య. ఆయన చెప్పారు. పోయింది. ఇన్ని ఇళ్ల గుట్టు ఆవిడ చేతిలో ఉండి కూడా ఒక్కటీ బయటికి పొక్కలేదు. నీళ్లలోనే కలిసిపోయింది.

ఆవిడ భర్త సినిమాహాల్లో బొమ్మ ఆడించిన మనిషి. అందుకని ఆపరేటరుగారు. ఎప్పటినుంచో ఊపిరితిత్తులు బాగాలేవు. ముందుగదిలో మంచం మీద కూర్చుని, దగ్గుకీ దగ్గుకీ మధ్య ఒక జోకు వేసేవారు. పిల్లల్లేరు. ఇల్లు మాత్రం బ్యాంకు అప్పుతో కొనుక్కున్నారు. ఆ అప్పుతో పాటు ఇంటికొక ఇన్సూరెన్సు పాలసీ కూడా అంటగట్టారు. అప్పు తీరినా అత్తయ్య దాన్ని ఆపలేదు. ఏటా కట్టేది. అందులో ఏముందో చదవలేదు గానీ, ప్లాస్టిక్ కవరు మీద దుమ్ము పడితే తడిగుడ్డతో తుడిచి మళ్లీ బీరువాలో పెట్టేది.

మంట వంటింట్లో లేచింది, ఒక మిట్టమధ్యాహ్నం. పొయ్యి పక్క స్విచ్చిబోర్డులో నిప్పురవ్వ పుట్టింది. పక్కనే కిటికీ తెర. తెర నుంచి చెక్క అలమర, అలమర నుంచి పైకప్పు దూలం. వీధంతా బకెట్లతో పరుగెత్తింది. ఆపరేటరుగార్ని కుర్చీతో సహా ఎత్తి మా వరండాలో దింపాం. ఫైరింజనుకి ఫోన్ చేద్దామని ఎవరో అంటే, "వద్దమ్మా, గంట కొట్టుకుంటూ వస్తారు, పరువు పోతుంది" అంది అత్తయ్య. ఈలోగా మంట కూడా ఆరింది. పొగ పల్చబడ్డాక ఆవిడ తన ఇంట్లోకి తొంగిచూసి అన్న మొదటి మాట ఇది: "అందరూ చెప్పులతోనే వెళ్లారా?"

వంటింట్లో పెంకుల కింద దూలం ఒక పక్క బొగ్గయింది. గోడలు నల్లగా, కప్పు నల్లగా, ఆపరేటరుగారు దగ్గితే చేతిరుమాలు కూడా నల్లగా. తాపీమేస్త్రి వచ్చి కిందనుంచే చూసి పెదవి విరిచాడు. "ఈ దూలం మార్చకుండా దీని కింద ఉండకండి అత్తయ్యగారూ. వానలొస్తే నేను పూచీ కాదు" అన్నాడు. దూలం మార్చడమంటే కప్పంతా దింపాలి. అది వాళ్ల తాహతు కాదు. ఇన్సూరెన్సు వస్తే ఇల్లు నిలబడుతుంది. రాకపోతే ఆపరేటరుగారి తమ్ముడింటికి పోయి, ఆ తోడికోడలి చేతికింద బతకాలి. ఇదంతా వీధిలో అందరికీ తెలుసు. తోడికోడలికి అందరికన్నా ముందు తెలుసు.

కంపెనీకి ఫోన్ చేసింది ఆపరేటరుగారే. అటునుంచి ఒకమ్మాయి, సర్వేయరుగారు వచ్చేదాకా ఏమీ ముట్టుకోవద్దంది. ఆయన అదే మాట భార్యకి చెప్పారు.

"చేత్తో ముట్టుకోనులెండి. గుడ్డతో తుడుస్తాను" అందావిడ.

"అసలు తుడవద్దంటున్నారే."

"మొదటిసారి మనింటికొస్తున్న మనిషిని మసిలో కూర్చోబెడతామా? ఏమనుకుంటాడు? ఇన్నాళ్లూ నేను హోటల్లో చేసిన పనికేం విలువ?"

ఇక ఆవిణ్ని ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఆపడానికి ఎవరూ గట్టిగా ప్రయత్నించనూ లేదు. నిచ్చెన ఒకరిచ్చారు, బ్రష్షు ఒకరిచ్చారు. సోడా వేసి గోడలు కడిగింది. ఇనుప పీచుతో దూలం మీది బొగ్గంతా గీకేసి, నూనె పట్టించి, ముదురు రంగు వేసింది. సున్నం కొట్టింది. కాలిన అలమరనీ, కరిగిన స్విచ్చిబోర్డునీ పాతసామాన్లవాడికి ఇచ్చేసింది. నల్లబడ్డ చేతిరుమాళ్లన్నీ ఉతికి తీగ మీద ఆరేసింది. ఆఖర్న ముందుగది గచ్చుకి మైనం పెట్టింది. వీధిలో ఆడవాళ్లు వచ్చి చూసి ముక్కు మీద వేలేసుకున్నారు. మంచం మీదనుంచి ఆపరేటరుగారు ఒక్కరే, "ఇల్లలకగానే పండగ కాదే" అన్నారు. ఆ మాట దగ్గులో కలిసిపోయింది.

సర్వేయరుగారు గోడవారగా వంటింట్లోకి నడిచి, నలుమూలలా చూశారు. కప్పుకేసి చూశారు. చేతిలో కాగితం చూసుకుని, సరైన ఇంటికే వచ్చానా అన్నట్టు మళ్లీ చూశారు.

"మంట ఎక్కడ లేచిందమ్మా?"

"అదిగో బాబూ, ఆ గోడ దగ్గర."

గోడ పాలలా ఉంది. ఆయన ముక్కు ఆనించేంత దగ్గరికెళ్లి చూశారు. అత్తయ్య ముఖం వెలిగిపోతోంది.

"ఏమీ తెలియట్లేదు కదూ?"

"తెలియట్లేదమ్మా" అన్నారాయన, చాలా నెమ్మదిగా. "వచ్చిన చిక్కే అది."

కాలిన సామానేదని అడిగారు. పాతసామాన్లవాడి బండిలో ఏ ఊరు పోయిందో. ఫొటోలేమైనా తీశారా అని అడిగారు. "ఇల్లు అట్లా ఉన్నప్పుడు ఫొటో ఎవరు తీసుకుంటారు బాబూ?" అంది అత్తయ్య. ఫైర్ స్టేషన్ వాళ్ల రిపోర్టుందా అంటే అదీ లేదు. ఆయన తాళంచెవితో సున్నం గీకారు. కింద ఇటుక కూడా కడిగే ఉంది. స్టూలెక్కి దూలంలో స్క్రూడ్రైవరు గుచ్చారు. మెత్తగా దిగింది. ఆ ఒక్క క్షణం మాకందరికీ ప్రాణం లేచొచ్చింది.

"లోపల చెడింది, నిజమే. కానీ కాలి చెడిందా, పుచ్చి చెడిందా? బొగ్గు ఉంటే నేను కళ్లు మూసుకుని రాసేద్దును."

"బొగ్గు గీకేశాను కదా బాబూ. బాగా పట్టేసింది, చేతులు పుండ్లయ్యాయి" అని అత్తయ్య అరచేతులు చూపించింది. ఆయన చూసి, ఏమీ రాసుకోలేదు. అరచేతులు పాలసీలో లేవు.

మంచి మనిషే. స్టూలు దిగి దాని మీదే కూర్చుని, బీరువాలోంచి తెప్పించిన పాలసీ కవరులోని కాగితాలు తీసి ఆవిడకి చదివి వినిపించారు. కొని ఇన్నేళ్లయ్యాక ఆ పాలసీలో ఏముందో అత్తయ్య వినడం అదే మొదలు.

"ఇందులో ఇల్లంటే గోడలూ, కప్పూ, తలుపులూ, నేలా. లోపలి సామానుకి వేరే తీసుకోవాలి, మీరు తీసుకోలేదు. అలమర ఎలాగూ రాదు."

"సామాను లేనిది ఇల్లెట్లా అవుతుంది బాబూ?"

"కాగితం మీద అవుతుందమ్మా. సరే, ఇది వినండి. నిప్పుకి వస్తుంది, పిడుగుకి వస్తుంది, గాలివానకి వస్తుంది, పైపు ఉన్నట్టుండి పగిలితే వస్తుంది. మెల్లమెల్లగా పాడైనదానికి రాదు. చెద, చెమ్మ, తుప్పు, పుచ్చు, మరమ్మతు చేయించకుండా వదిలేసినవి. పాతబడినవాటికి అసలు రాదు."

"పాతబడినవాటికి రాదా?" అని ముందుగదిలోంచి ఆపరేటరుగారు. "అయితే నా సంగతి ఎత్తకే!"

సర్వేయరుగారికి నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. "ఇంకోటి గుర్తుపెట్టుకోండి. తాళం వేసి ఎక్కువకాలం ఖాళీగా వదిలేసిన ఇంటికి కూడా రాదు. ఏదైనా జరిగితే నష్టం పెరగకుండా పైన టార్పాలిన్ పట్టా కప్పుకోవచ్చు, ఫొటోలు తీసుకోవచ్చు. చెరపడం మాత్రం చెయ్యకూడదు. ఎక్కడన్నా ఒక్క మూల మురికిగా వదిలేసి ఉన్నా బాగుండేదమ్మా."

ఆ మాట అత్తయ్య పుట్టి పెరిగాక ఎవరి నోటా విని ఉండదు.

ఆయన వెళ్లేముందు, ఇంట్లో ఇంకెక్కడైనా మసి దొరుకుతుందేమో చూడండి, ఫోన్ చేస్తే మళ్లీ వస్తానన్నారు. అప్పుడు మొదలైంది వెతుకులాట. మరకలత్తయ్య తన ఇంట్లో మురికి కోసం వెతికింది. బీరువా జరిపింది. డబ్బాల మూతల వెనక చూసింది. కిటికీ చువ్వల సందుల్లో వేలు పెట్టి లాగింది. వేలు తెల్లగా వచ్చింది. మేమంతా తలో చెయ్యీ వేశాం. చూరు కింద ఒకచోట నల్లగా కనబడితే ఇస్త్రీ షాపతను "దొరికింది!" అని అరిచాడు. తీరా చూస్తే చీమలు. చివరికి అత్తయ్య తీగ మీది చేతిరుమాళ్ల దగ్గరికెళ్లి ఒక్కొక్కటీ విప్పి ఎండకి పెట్టి చూసింది. మల్లెపువ్వుల్లా ఉన్నాయి. ఆ చివరి రుమాలు చేతిలో పట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఆవిడకి ఆకులైనా మిగల్లేదు, తుడిచేసింది.

మా అందరి సాక్ష్యమూ రాయించుకున్నారు. నేనూ సంతకం పెట్టాను. కంపెనీ నుంచి జవాబొచ్చింది. అగ్నిప్రమాదం జరిగినట్టు ఇరుగుపొరుగు చెప్పినది గమనించాం, అయితే దాని వల్లే దూలం చెడినట్టు తేలలేదు, కలప పాతబడి చెడటం పాలసీ పరిధిలోకి రాదు, అని. కింద సంతకం ఉంది, పైన దయచేసి అని కూడా ఉంది. ఆపరేటరుగారు చదివి మడిచి, "నా పక్కనే పెట్టవే. పాతవన్నీ ఒకచోట ఉంటాయి" అన్నారు. ఆవిడ నవ్వలేదు. ఆయనా రెట్టించలేదు.

వానలు మొదలవ్వకముందే తమ్ముడు వచ్చి అన్నగారిని తీసుకెళ్లాడు. వానల చెమ్మలో, ఆ దూలం కింద వండుకు తింటుంటే ఆయన ఊపిరితిత్తులు తట్టుకోవన్నాడు డాక్టరు. అత్తయ్య మాత్రం కదల్లేదు. "ఖాళీగా ఉంటే దానికి రాదంట. ఒకళ్లం ఉండాలి" అంది. రాని డబ్బు మళ్లీ రాకుండా పోతుందని కాపలా కాయడమేంటని తోడికోడలు నాలుగిళ్ల వాళ్లు వినేలా అంది. అత్తయ్య ఆమెకి ఆయన మందులు ఏ పూట ఏవో చెప్పి, దుప్పట్లు మడిచిచ్చి, వాకిట్లో నిలబడింది. ఆటో ఎక్కుతూ ఆపరేటరుగారు, "ఇంటర్వెల్లే. బొమ్మ అయిపోలేదు" అన్నారు. వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ అక్కడే నిలబడి ఉంది. పెళ్లయినప్పటినుంచీ వాళ్లు వేర్వేరు ఇళ్లలో పడుకోవడం అదే మొదలని తర్వాత తెలిసింది.

ముందుగదిలో ఒక్కతే ఉండేది. అక్కడే చిన్న స్టవ్వు. మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లి ఆయన్ని చూసి వచ్చేది. రానురాను ఆయన సన్నబడుతున్నారని చెప్పేది, అడిగితేనే. "ఇంటికెప్పుడు?" అని ఆయన రోజూ అడుగుతారట. ఆవిడ దిండు సర్ది వచ్చేస్తుందట.

అప్పుడొచ్చింది గాలివాన. మా వీధిలో కరెంటు స్తంభాలు వంగాయి, షాపుల రేకులు ఎగిరాయి. తెల్లారేసరికి అత్తయ్య వంటింటి కప్పు వంటింట్లో ఉంది. దూలం విరిగి, పెంకులన్నీ జారి, బురదనీళ్లు ముందుగది దాకా వచ్చి గచ్చు మీద పేరుకున్నాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటారే, అదే. ఆవిడ ముందుగదిలో మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. దెబ్బ తగల్లేదు.

చీపుర్లూ పారలూ పట్టుకుని వెళ్లాం. గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవ్వరూ ఏమీ తియ్యొద్దు. గాలివానకి వస్తుంది. ఆయనే చదివాడు."

మా అబ్బాయి ఫోనుతో ఫొటోలు తీయించింది. విరిగిన దూలం, పెంకులు, గోడ మీద బురద, ఆ బురదలో తన పాదాల గుర్తులతో సహా. పైన పట్టా కప్పించింది. కంపెనీకి ఈసారి తనే ఫోన్ చేసింది. ఊరంతా ఇళ్లు పడ్డాయి, వరస ప్రకారం వస్తాం అన్నారట.

వరస రాలేదు. ఎండకి బురద బీటలువారింది. ఈగలు చేరాయి. తడిసిన పరుపు వాసన వీధి మలుపు దాకా వచ్చేది. మరకలత్తయ్య వాటి మధ్యలో, తను నడవడానికని వదులుకున్న సన్నటి దారిలో, వేళ్ల మీద అడుగులేస్తూ తిరిగేది. ఒక్కోసారి మా గుమ్మంలోంచి కనబడేది. గోడ మీద బురద చార దగ్గర నిలబడి, కొంగు చేతిలోకి తీసుకునేది. కాసేపు అలాగే ఉండి, చేతిని వెనక్కి లాక్కుని, కొంగు నడుంలో దోపుకునేది. చేతుల్ని అంత కష్టపెట్టడం ఆవిడ హోటల్లో కూడా చేసి ఉండదు.

వచ్చి చూసినా ఇస్తారో ఇవ్వరో తెలియదు. గాలికి పడిందా, ముందే చెడిన దూలం కాబట్టి పడిందా అని అడగరని ఏముంది? దూలం పాతదని వాళ్లే కాగితం మీద రాసిచ్చారు. మేస్త్రి ఆ మాట అననే అన్నాడు. "ఆ సంగతి నాకు తెలుసు నాయనా" అంది అత్తయ్య. అంతకుమించి ఆ ప్రస్తావన రానివ్వలేదు.

అలా ఉండగా ఒక పొద్దున్న తోడికోడలు వచ్చింది. ఆపరేటరుగారికి రాత్రి ఆయాసం ఎక్కువైందనీ, ఇంటికి తీసుకెళ్లమని ఒకటే గొడవనీ, అక్కనైనా తీసుకురమ్మని పంపారనీ చెప్పడానికి. వాకిట్లో చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, లోపలికి చూసి అక్కడే ఆగిపోయింది. అత్తయ్య బస్సుకని చెప్పులేసుకుంటోంది.

"ఏంటక్కా ఇది? ఊళ్లోవాళ్ల మరకలన్నీ తీసినదానివి, నీ గుమ్మంలో కాలు పెట్టే చోటు లేకుండా ఈ పెంకులేంటి, ఈ కంపేంటి? కనీసం గడప దగ్గరైనా ఊడ్చుకోకూడదూ?"

"తొక్కకు చెల్లీ, అవి సాక్ష్యాలు."